బయోడేటాలో ఆరేళ్ళ ఖాళీ

“ఆ వాక్యం తీసేస్తావా, లేదా?”

అక్క ఆ మాట అడగడం అప్పటికి మూడోసారి. చేతిలో చెల్లెలి బయోడేటా కాగితం, భుజాన ఇంకా దించని సంచి. పిడుగని పిలుచుకునే పిల్ల బట్టలు మిగిలినవి పట్టుకెళ్దామని వచ్చిన మనిషి భోజనాల బల్ల మీదున్న కాగితం చదివి అక్కడే పాతుకుపోయింది.

చెల్లెలు పిడుగు గౌన్లు మడత పెడుతోంది. పెట్టిన మడతే విప్పి మళ్ళీ పెడుతోంది.

“తియ్యను,” అంది.

పక్కగదిలో కుట్టుమిషను ఆగింది. వాళ్ళ నాన్న దర్జీ. ఇంట్లో గొడవ మొదలైతే మిషను ఆపడం, సద్దుమణిగాక తొక్కడం ఆయన అలవాటు. మధ్యలో దూరి తీర్పు చెప్పే అలవాటు మాత్రం లేదు. ఇద్దరు కూతుళ్ళున్న ఇంట్లో తీర్పు చెప్పినవాడు ఆ పూట పస్తుండాల్సిందేనని ఆయన గట్టి నమ్మకం.

“పైకి చదువు ఒకసారి. ఎలా ఉందో నీకే వినిపిస్తుంది.”

“రాసింది నేనే కదక్కా.”

“అయితే నేను చదువుతా. ‘పాపను పెంచడం కోసం ఆరేళ్ళు ఉద్యోగానికి విరామం.’ ఏ పాప? ఎవరి పాప?”

చెల్లెలు గౌను మీద లేని ముడత సర్దింది.

“రేపు ఇంటర్వ్యూలో ఆ పళ్ళ ల్యాబ్ మేడం ఇది చూస్తుంది. చూసి ఊరుకుంటుందా? మా క్లినిక్‌కి కట్టుడు పళ్ళన్నీ ఆవిడ దగ్గర్నుంచే వస్తాయి. వచ్చినప్పుడల్లా నా బల్ల దగ్గరే కూర్చుని టీ తాగుతుంది. మీ చెల్లెలికి పెళ్ళే కాలేదన్నావు, ఈ పాపెక్కడిది అంటే నేనేం చెప్పాలి?”

“ఉన్నది చెప్పు.”

“ఉన్నదా!” అని అక్క కుర్చీలో కూలబడింది.

ఉన్నదేమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అక్కకు పిడుగు పుట్టిన కొద్దిరోజులకే మనసు చెదిరింది. బిడ్డ ఏడిస్తే చెవులు మూసుకుని గోడవైపు తిరిగేది. ఎత్తుకోమంటే వణికిపోయేది. మందులు, ఆసుపత్రులు, మళ్ళీ మందులు. బావ ఆమెను వైద్యం కోసం దూరపు ఊరు తీసుకెళ్ళాడు. పసిగుడ్డు చెల్లెలి ఒళ్ళోకి వచ్చింది. కొన్నాళ్ళే కదా అనుకున్నారు. పళ్ళ ల్యాబ్‌లో చెయ్యి తిరిగిన పనిమంతురాలని పేరున్న చెల్లెలు ముందు సెలవు పెట్టింది, తర్వాత రాజీనామా పెట్టింది. అక్క మెల్లగా కోలుకుంది. భర్తతో తిరిగి ఈ ఊరే వచ్చి, ఒక పళ్ళ డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్ ఉద్యోగంలో చేరింది. కిందటి నెల వచ్చి కూతుర్ని తన ఇంటికి తీసుకెళ్ళింది. అందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. తప్పు పట్టడానికి ఒక్క మనిషైనా దొరక్కపోవడమే ఈ ఇంటికి పట్టిన దరిద్రం. దొరికి ఉంటే నాలుగు తిట్టి, కడుపారా ఏడ్చి, ఎవరి పని వాళ్ళు చూసుకునేవారు.

“నీకు జబ్బు చేసింది. తగ్గింది. చెప్పుకుంటే సిగ్గేముంది?” అంది చెల్లెలు.

“నీకేం, తేలిగ్గా అంటావు. ముందే చెప్పి ఉంటే సరిపోయేది. ఇప్పుడెలా చెప్పను? నేను వాళ్ళకి చెప్పింది వేరు.”

“ఏం చెప్పావు?”

అక్క సంచి దించి ఒళ్ళో పెట్టుకుంది. దాని పట్టీని వేలికి చుట్టడం మొదలుపెట్టింది.

“మధ్యాహ్నం అందరం కలిసి తింటాం. ఒకళ్ళు మావాడు ఇలా అన్నాడంటారు, ఒకళ్ళు మా అమ్మాయి అలా చేసిందంటారు. నా వంతు వస్తుంది. నా దగ్గరేముంది చెప్పడానికి? నువ్వు ఫోన్లో చెప్పిన కబుర్లే ఉన్నాయి.”

“అయితే?”

“అవే చెప్పాను. అది తొలి అడుగు చెప్పుల స్టాండు పట్టుకుని వేసిందని చెప్పాను. తాతయ్య గుడ్డ మీద గీసుకునే సుద్ద నమిలి నోరంతా నీలం చేసుకుందని చెప్పాను. పడీ పడీ నవ్వారు. జ్వరమొచ్చినప్పుడు రాత్రంతా నా మెడ పట్టుకుని వదల్లేదని చెప్పాను.”

“నా మెడ,” అంది చెల్లెలు.

“నీ మెడే. నాకు తెలీదా?”

కిటికీ బయట ఎవరో సైకిలు బెల్లు కొడుతూ పోయారు.

చెల్లెలికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అక్క ఆ రోజుల్లో ఫోను చేసి, మందుల మత్తులో ముద్దముద్దగా, “ఇవాళేం చేసిందే?” అని అడిగేది గుర్తొచ్చి, వచ్చిన కోపం కాస్తా చల్లారిపోయింది. అప్పుడు ఒక్కొక్క ముచ్చటా పూసగుచ్చినట్టు చెప్పింది తనే. పంచిపెట్టినవాటిని ఇప్పుడు తిరిగిమ్మని ఎలా అడుగుతుంది?

“ఒక పని చెయ్యి,” అక్క గొంతు తగ్గించింది. “నాన్నకి ఒంట్లో బాగాలేకపోతే చూసుకున్నానని రాయి. ఎవరూ తిరిగి అడగరు.”

“నాకేం జబ్బు రాస్తారో ముందే చెప్పండమ్మా,” పక్కగదిలోంచి నాన్న. “రేపెవరైనా పరామర్శకొస్తే ఎక్కడ పట్టుకుని మూలగాలో తెలియాలి కదా.”

మామూలుగా అయితే ఇల్లంతా నవ్వేది. ఎవరూ నవ్వకపోయేసరికి ఆయన కత్తెర చప్పుడు చేస్తూ ఏదో వెతుక్కున్నాడు.

“అక్కా, ఒక్క మాట చెప్పు,” చెల్లెలు గౌన్లు పక్కకు నెట్టింది. “నేను పెంచానని ఎక్కడ రాసుంది? పుట్టిన సర్టిఫికెట్లో నీ పేరు. టీకాల పుస్తకంలో నీ పేరు. ఉండాల్సిందే, కాదనను. అది నీ కూతురు. నేను దాన్ని నాకిచ్చెయ్యమన్నానా? ఎవరో ఒకావిడ చూసి పక్కన పడేసే కాగితంలో, ఆరేళ్ళు నేనేం చేశానో ఒక్క ముక్క రాసుకుంటే నీ సొమ్మేం పోయింది?”

“పోతుంది.”

“ఏం పోతుంది?”

“నన్ను దాని తల్లిగా చూసేవాళ్ళు ఆ క్లినిక్‌లో నలుగురున్నారే. అంతే. ఇంట్లో అదింకా నన్నలా చూడదు. నిద్రలో లేచి నువ్వు కావాలని ఏడుస్తుంది. నువ్వూ నన్నలా చూడవు. నాన్న చూడరు. మీ బావ దాన్ని నాకు అప్పజెప్పి, ఎందుకైనా మంచిదని పక్కనే నిలబడతాడు. నాకే నమ్మకం లేదు. ఆ నలుగురినీ నాకొదిలెయ్యవే. నీకు పుణ్యముంటుంది.”

చెల్లెలు గౌన్లు మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

అదే సమయానికి, అక్కతో వచ్చి మేడ మీద ఆడుకుంటున్న పిడుగు మెట్లు రెండేసి చొప్పున దూకుతూ లోపలికొచ్చింది. పేరుకు తగ్గ పిల్ల. అది ఉన్న గదిలో వస్తువులు ఉన్నచోట ఉండవు. మొహమంతా చెమట, ఒక కాలికి మేజోడు లేదు.

“అమ్మా, నీళ్ళు!” అంది, అలవాటుకొద్దీ చెల్లెలివైపు పరిగెత్తుతూ.

సగం దారిలో ఆగింది. కుర్చీలో ఉన్న అక్కను చూసింది. మళ్ళీ చెల్లెల్ని చూసింది.

“పిన్నీ, నీళ్ళు,” అంది చిన్నగా.

చెల్లెలు లేచి గ్లాసులో నీళ్ళు పోసింది. పిల్ల గటగటా తాగుతుంటే “మెల్లగా, పొలమారుతుంది” అని వీపు నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. పిడుగు మూతి తుడుచుకుని అక్క కుర్చీ దగ్గరికెళ్ళి నిలబడింది.

“మర్చిపోయా,” అంది తలదించుకుని. “ఇంకెప్పుడూ అనను. నీకు కోపమొచ్చిందా?”

“లేదమ్మా,” అంది అక్క. “కోపమెందుకు?”

“పిన్నికి వచ్చిందా?”

“రాలేదురా,” అంది చెల్లెలు.

పిల్ల ఇద్దరి మొహాలూ చూసి, నమ్మకం కుదరక, తాతయ్య గదిలోకి పారిపోయింది.

ఆరేళ్ళ పిల్ల అమ్మా అన్నందుకు క్షమాపణ చెప్పింది. చెల్లెలి పట్టుదల అక్కడ విరిగింది. అక్కతో ఇంకో గంటైనా వాదించి ఉండేది. ఆ పిల్ల మొహం చూశాక వాదించడానికి ఏమీ మిగల్లేదు. అక్క చేతిలోంచి కాగితం తీసుకుంది. కలం మూత తీసి, ఆ వాక్యం మీద గీత కొట్టి, పైన ‘కుటుంబ కారణాలు’ అని రాసింది.

“మళ్ళీ శుభ్రంగా టైపు చేయిస్తాలే,” అంది.

అక్క థాంక్స్ చెప్పలేదు. అలాంటివాటికి థాంక్స్ చెప్పే మాటలు ఎవరి దగ్గరా ఉండవు. గౌన్లు సంచిలో సర్దుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా చెల్లెలు కిటికీలో నిలబడింది. తర్వాత నేల మీద కూర్చుని ఏడ్చింది. నాన్న వచ్చి పక్కనే కూర్చుని సూదిలో దారం ఎక్కించుకున్నాడు. ఆ రోజు మిషను మళ్ళీ తొక్కలేదు.

మర్నాడు పొద్దున్నే ల్యాబ్.

గది నిండా సుద్దపొడి, స్పిరిట్ దీపం వాసన. గోడకున్న అరల నిండా వరసలు వరసలుగా సుద్దతో పోసిన దవడలు. ప్రతి దవడకూ ఒక చీటీ. కొత్తవాళ్ళకు చూస్తే గుండె జల్లుమంటుంది. చెల్లెలికి మాత్రం పుట్టింటికొచ్చినట్టుంది. ఇన్నాళ్ళూ ఈ వాసన ఎంత గుర్తొచ్చేదో అప్పుడే తెలిసింది.

ల్యాబ్ మేడం తల నెరిసిన మనిషి. భూతద్దం నుదుటి మీదికి తోసుకుని కాగితం చదివింది.

“పాత ల్యాబ్‌లో నీ పని గురించి విన్నాను. మంచి మాటే విన్నాను. ఇదేంటమ్మాయ్, కుటుంబ కారణాలు? ఈ రెండు మాటల చాటున ఊరు ఊరంతా దాక్కోవచ్చు.”

“ఇంట్లో మనిషి అవసరం పడిందండి.”

“ఎవరికి?”

“ఇంట్లోవాళ్ళకి.”

“లాయర్ల దగ్గర గానీ పనిచేశావా?” అని నవ్వింది మేడం. “సరే, నోటితో చెప్పనిది చేత్తో చూపించు. ఇదిగో దవడ. కింద వరసలో చివరి పన్నుకు ముందున్న పన్ను లేదు. మైనంతో చెక్కి పెట్టు.”

చెల్లెలు బల్ల ముందు కూర్చుంది. మొదట చాకు పట్టు కుదర్లేదు. దీపం మీద చాకు వేడిచేసి, మైనం చుక్క చుక్కగా దించుతూ పోయేసరికి పట్టు దొరికింది. తర్వాత గది మర్చిపోయింది, నిన్నటి గొడవ మర్చిపోయింది. నెల రోజులుగా తలలో రొద పెడుతున్నదంతా సద్దుమణిగింది. చెక్కింది, గీకింది, గుడ్డతో మెరుగు పెట్టింది. అయ్యాక చూస్తే తనకే ముచ్చటేసింది.

మేడం భూతద్దం దించుకుని, దవడను దీపం కిందకు జరిపి, అటూ ఇటూ తిప్పింది.

“చెయ్యి ఎక్కడికీ పోలేదు,” అంది చివరికి. “పని ముత్యంలా ఉంది. కానీ ఏం చెక్కావో చూశావా?”

“ఏమైందండి?”

“ఈ దవడ మనవలున్న పెద్దమనిషిది. నువ్వు పెట్టింది పాలపన్ను.”

చెల్లెలు ముందుకు వంగింది. నిజమే. చిగురు దగ్గర ఉబ్బుగా, నమిలేచోట ఇరుకుగా, మొత్తం మీద బొద్దుగా ఉంది. ముదురు పళ్ళ నడుమ చంటిపిల్లలా కూర్చుంది. పని తెలిసినవాళ్ళు ఎవరూ చెయ్యని పొరపాటు. అది ఎవరి పన్నో ఆమెకు చూడగానే తెలిసింది. పొద్దునా సాయంత్రమూ గడ్డం పట్టుకుని, “ఆ అను, ఇంకా పెద్దగా, లోపల సింహం కనిపించాలి” అంటూ తోమిన పన్ను. చేతికి తెలిసిన పన్ను అదొక్కటే అయిపోయింది.

“పెళ్ళి కాలేదని మీ అక్క అంది గానీ, నీకు పిల్లలున్నారా?” అడిగింది మేడం.

“లేరండి.”

ఆ మాట ఏ తడబాటూ లేకుండా వచ్చేసింది. అంత సులువుగా రావడం చూసి ఆమెకే భయమేసింది.

“మరి పాలపన్ను ఇంత బాగా ఎలా వచ్చింది?”

“పుస్తకంలో చూసిందండి. చెయ్యి పొరబడింది.”

“ఊఁ. అయితే ఈ ఆరేళ్ళూ ఏ పనీ చెయ్యలేదు?”

“లేదండి. ఖాళీగానే ఉన్నాను.”

మేడం కాగితం మడిచింది. “చూడమ్మాయ్, అన్నేళ్ళు ఖాళీగా ఉన్నదాన్ని తెచ్చి పెద్ద బల్ల మీద కూర్చోబెట్టలేను. మిగతావాళ్ళు ఊరుకోరు. అచ్చులు పోసేచోట మొదలుపెట్టు. కొత్తగా చేరిన పిల్లలతో పాటు. ఏడాది చూద్దాం. సరేనా?”

“సరేనండి.”

“పిల్లలు లేరు కాబట్టి ఒక సుఖం, మాటిమాటికీ సెలవులడగవు. మీ అక్కకి ఆ యోగం లేదు. పాపం, ఆవిడ కూతుర్ని ఎంత కష్టపడి పెంచుకొచ్చిందో చెబుతుంటే నాకే కళ్ళ నీళ్ళొస్తాయి. జ్వరమొస్తే రాత్రంతా మెడ మీద వేసుకుని తిరిగిందట.”

“అవునండి,” అంది చెల్లెలు. “పాపం, చాలా కష్టపడింది.”

అంటున్నంతసేపూ తన మెడ తనకు బరువుగా తెలుస్తూనే ఉంది.

అప్పుడే సంచిలో ఫోను మోగింది. తెలియని నంబరు. కట్ చెయ్యబోతే “తియ్యి, ఫరవాలేదు” అంది మేడం. పాత ఫోను. అవతలి మాట గదంతా వినిపిస్తుంది.

“హలో, బడి నుంచి టీచర్ని మాట్లాడుతున్నానండి. మా క్లాసు పాప మెట్ల మీంచి పడింది. నుదురు చిట్లింది. కుట్లు పడేలా ఉన్నాయి. వాళ్ళింటి నంబరుకి చేస్తుంటే ఎవరూ ఎత్తట్లేదు. ఇంకెవరైనా ఉన్నారా అంటే పాపే ఈ నంబరు గడగడా చెప్పింది. ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదండి. గుడ్డ పెట్టి అదుముదామన్నా ఒప్పుకోవట్లేదు. ఇదిగో, మాట్లాడతానంటోంది.”

చెల్లెలు లేచి నిలబడింది. మైనం చాకు బల్ల మీంచి కిందపడింది.

“అమ్మా,” అంది పిడుగు. వెక్కిళ్ళ మధ్య మాట తెగిపోతోంది. “అమ్మా, రక్తం వస్తోంది. నువ్వే రా. ఇంకెవరూ వద్దు. నువ్వే రా.”

“వస్తున్నా నాన్నా. వచ్చేస్తున్నా. టీచర్ని గుడ్డ పెట్టనివ్వు. నా బంగారం కదూ. గట్టిగా కళ్ళు మూసుకో. నేనొచ్చేదాకా తెరవకు.”

ఫోను మళ్ళీ టీచరు చేతిలోకి వెళ్ళింది. “ఏమీ అనుకోకండి, రాసుకోవాలి. మీరు పాపకి ఏమవుతారు?”

చెల్లెలు తలెత్తింది. ఎదురుగా మేడం చూస్తూనే ఉంది. పిన్నినని చెబితే అబద్ధం కాదు. అక్క పరువు నిలుస్తుంది, ఉద్యోగం నిలుస్తుంది, పిల్లకు కుట్లూ పడతాయి. అన్నీ తెలుసు. అయినా నిన్న కొట్టిన ఆ గీత కింద పడి నలుగుతున్న మాట ఇక ఆగనంది.

“దాన్ని పెంచినదాన్నండి,” అంది. “పుట్టినప్పట్నుంచీ నేనే పెంచాను. వస్తున్నాను.”

ఫోను పెట్టేసి సంచి అందుకుంది. పట్టీ భుజానికి వేసుకుంది.

“పిల్లలు లేరన్నావు,” అంది మేడం.

“లేరండి. మా అక్క కూతురు.”

“అక్క కూతురు నిన్ను అమ్మా అంటోందేం?”

చెల్లెలి చూపు మైనపు పన్ను మీదికి పోయింది. మేడం చెయ్యి చాచి దాన్ని మళ్ళీ దగ్గరికి జరుపుకుంది. దాని వంక చూసింది, మడిచిన కాగితం వంక చూసింది. ఆమె మొహంలో కోపం లేదు. మోసపోయిన మనిషి చిన్నబోవడం ఉంది.

“ముందు పిల్ల దగ్గరికి వెళ్ళు. ఉద్యోగం సంగతి తర్వాత,” అంది. “కానీ సాయంత్రం నేను మీ అక్క క్లినిక్‌కే వెళ్తున్నాను. ఇన్నాళ్ళూ మా అందరికీ చెప్పిన ఆ కబుర్లు ఎవరివని అడగనా, మాననా? నువ్వెలా చెబితే అలాగే.”

చెల్లెలు తలుపు దగ్గర ఆగిపోయింది. అడగమంటే తన ఆరేళ్ళూ తనకొస్తాయి. కానీ ఆ నలుగురి ముందు అక్క ఇక తలెత్తుకోలేదు. మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటే, ఈసారి లేస్తుందో లేదో. మానమంటే, పిల్ల కుట్లు మానేలోపే ఈ దెబ్బ కూడా అక్క చెప్పే కబుర్లలో చేరిపోతుంది.

“చెప్పు,” అంది మేడం.